మంచి రూటు వాపసు

బస్సులు డీజిలుతో నడుస్తాయని చాలామంది అనుకుంటారు. ఉద్యోగంలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. నడిపేది డ్యూటీ చార్టు. ఏ బస్సుకు ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఎప్పుడు గేటు దాటాలి, రాత్రికి ఏ ఊళ్లో పడుకోవాలి, ఇదంతా ఒక మనిషి ముందుగానే రాసి గోడకు అంటిస్తాడు. కడప జిల్లాలోని ఒక డిపోలో చాలా ఏళ్లు ఆ మనిషిని నేనే. డిపో ఏదో చెప్పను. మనుషుల పేర్లు కూడా చెప్పను. వాళ్లలో సగంమంది ఇప్పటికీ నాకు పెళ్లి పత్రికలు ఇస్తుంటారు.

మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ సర్వీసులో గుర్తుండిపోయిన సంగతి ఏదైనా చెప్పండి సార్ అని. వాగులో చిక్కుకున్న బస్సు గురించో, సమ్మె రోజుల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నాకు గుర్తుండిపోయింది ఒక డ్యూటీ మార్పు. చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ల చేతులు సెల్‌ఫోన్ల వైపు పోతాయి. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు చదివేవాళ్ల చేతులు కనిపించవు.

మా చార్టుకు ఒకటే ధర్మం. కష్టాన్ని అందరికీ సమానంగా పంచాలి. ఒక వారం తెల్లవారుజాము బస్సు, ఇంకో వారం పల్లెలో పడుకునే నైట్‌హాల్టు, మరో వారం దూరప్రయాణం. ఎవరికీ ఏ అలవాటూ కుదురుకోకుండా చూడటమే న్యాయమని డ్రైవర్లు, సంఘాలు, అధికారులు అందరూ ఒప్పుకున్నారు. వీళ్లంతా కలిసి ఒప్పుకున్న విషయం నా సర్వీసులో అదొక్కటే. ఆ న్యాయాన్ని అమలు చేసేవాణ్ణి కాబట్టి నన్ను అందరూ సమానంగా తిట్టేవారు.

నేను చెప్పబోయే డ్రైవరు బద్వేలు అవతల ఒక పల్లె నుంచి వచ్చినవాడు. మాట తక్కువ. గేరు మార్చినట్టు ప్రయాణికుడికి తెలియనంత మెత్తగా నడిపేవాడు. అతని మీద ఫిర్యాదు ఎప్పుడూ రాలేదు. అందువల్ల అతని గురించి నాకేమీ తెలియదు. డ్యూటీ క్లర్కుకు మనుషులు పరిచయమయ్యేది ఫిర్యాదుల ద్వారానే.

అతని భార్య ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. ఒక్కతే కూతురు, మూడో తరగతి. వాళ్ల వీధిలోనే మా డిపో మహిళా కండక్టరు ఒకామె ఉండేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ ఇంటి ముందు ఆగి రెండు మాటలు మాట్లాడి రావడం ఆమెకు అలవాటు. ఆ ఇంటి సంగతులు నాకు తెలిసింది చాలావరకు ఆమె వల్లే.

ఆ పాప ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది వేసుకునేలోగా కోడిపెట్ట కనిపిస్తే దాని వెనక వెళ్లిపోయేది. తల్లి చెప్పు పట్టుకుని వెళ్లేసరికి పాప కోడిని వదిలి పక్కింటి మేడ మీద ఉండేది. పుస్తకాల సంచి కుళాయి దగ్గర, టిఫిన్ డబ్బా మిషను కింద దొరికేవి. బడిలో లెక్క సగం చేసి మిగతా సగం కిటికీకి వదిలేసేది. టీచరు ప్రశ్న అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేది. ఆ జవాబు చాలాసార్లు సరైనదే కావడంతో టీచరుకు ఇంకా కోపం వచ్చేది. ముందు బెంచీలో కూర్చోబెట్టారు, తర్వాత తలుపు పక్కన, ఆ తర్వాత తలుపు బయట. చివరికి, ఈ ఏడాదితో మా వల్ల కాదు, టీసీ తీసుకోండి అన్నారు.

ఈ సంగతి డిపోలో కొందరికి లీలగా తెలుసు. మా డిపోలో బస్సులకు విడిభాగాలు దొరకవుగానీ సలహాలకు కొరత లేదు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఒకరు దర్గాకు తీసుకుపొమ్మన్నారు. ఒకరు సరస్వతి ఆకు నూరి పోయమన్నారు. నాలుగు తగిలిస్తే అదే కుదురుకుంటుందని ఎక్కువమంది అన్నారు. తగిలించడం ఇంట్లో అప్పటికే జరిగింది. కుదురుకోలేదు.

ఒకసారి కర్నూలు డ్యూటీ పడిన రోజు ఆ డ్రైవరు భార్యను, కూతురిని తన బస్సులోనే ఎక్కించుకుపోయి, అక్కడి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మకు చూపించాడు. ఆమె మొదటిసారి చాలాసేపు మాట్లాడింది. మళ్లీ రమ్మంది. బడి నుంచి కూడా కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయించుకు రమ్మంది. ఆ తర్వాత పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ. ఇది పొగరు కాదు, పెంపకంలో తప్పూ కాదు, ఆ పాప మెదడు పనిచేసే తీరు అని చెప్పింది. మందు అవసరమా అన్నది ముందు ముందు చూద్దాం, మొదట ఇంట్లో రోజును ఒక దారిలో పెట్టండి అంది. లేవడం, స్నానం, తిండి, బడి, హోంవర్కు, ఆట, నిద్ర, ఇవన్నీ రోజూ ఒకే వరుసలో జరగాలి. ఒకసారికి ఒకటే పని చెప్పాలి. చేసిన వెంటనే బాగా చేశావని చెప్పాలి. తర్వాత ఏం జరుగుతుందో పాపకు ముందే తెలిసి ఉండాలి.

ఇంట్లో అందరూ అలాగే ఉండాలా అని డ్రైవరు అడిగాడు. అందరూ అంది ఆమె. అతనికి నవ్వొచ్చింది. ఇందులో నవ్వడానికేముందో డాక్టరమ్మకు అర్థం కాలేదు. అప్పుడు భార్య చెప్పిందట, ఆయన బస్సు డ్రైవరు మేడమ్ అని.

ఆ వారమే అతను నా టేబులు దగ్గరికి వచ్చాడు. కుటుంబ కారణాల వల్ల తనకు ఒకే డ్యూటీ స్థిరంగా ఇవ్వాలని రాసిన కాగితం చేతిలో పెట్టాడు. ఏం కారణాలని అడిగితే నేల చూశాడు. అందరికీ కుటుంబాలున్నాయప్పా అన్నాను. ఆ మాట మా సెక్షన్లో నాకు ముందు పనిచేసినాయన నేర్పింది. ఆయనకు ఆయన ముందరివాడు నేర్పాడు. డ్రైవరు తల ఊపి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు అతని బస్సు రాజంపేట రోడ్డులో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని రాసుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బస్సుకు ఒక హెడ్‌లైటు, ట్రాలీకి కొన్ని బొప్పాయిలు పోయాయి. ట్రాక్టరాయన ఆ బొప్పాయిల గొప్పదనం గురించి డిపోకు వచ్చి ప్రత్యేకంగా చెప్పాడు. డ్రైవరుకు చార్జిషీటు ఇచ్చారు. నిద్రపోతూ బస్సు నడిపాడన్నది ఆరోపణ.

ఆ రోజు ఆ బస్సులో కండక్టరు ఆ వీధి ఆమే. సాయంత్రం డబ్బులు కట్టేసి తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆయప్ప నిద్రపోయి గుద్దలేదు. నిద్రలేక గుద్దినాడు. రెండూ ఒకటి గాదు."

అప్పుడు పాప సంగతి మొత్తం చెప్పింది. తండ్రి ఏ రాత్రి వస్తాడో ఏ రాత్రి రాడో తెలియక ఆ పిల్ల పడుకోదట. వీధిలో ఏ బస్సు చప్పుడైనా లేచి గేటు దగ్గరికి పరుగెడుతుందట. తల్లి చెప్పే వరుస ఒక వారం నిలబడుతుంది. మరుసటి వారం చార్టు మారుతుంది, తండ్రి పగలంతా ఇంట్లో పడుకుంటాడు, చప్పుడు చేయొద్దంటారు, అన్నీ తలకిందులు. పిల్లను తిడతారు. ఆ తర్వాత తిట్టినందుకు తల్లీతండ్రీ ఒకరినొకరు తిట్టుకుంటారు.

అప్పటి డిపో మేనేజరు బదిలీ మీద వెళ్లబోతున్నాడు. వెళ్లబోయే అధికారికి దయ ఎక్కువ. చార్జిషీటును హెచ్చరికతో సరిపెట్టాడు. ఏదైనా చేయగలిగితే చెయ్యి, నా దాకా తేవొద్దు అన్నాడు. నేను చేశాను. చార్టులో ఉన్నవాటన్నిటికంటే మంచి డ్యూటీ అతనికి రాశాను. తెల్లవారుజామున కర్నూలు బయల్దేరే బస్సు. కొత్త బండి, నున్నటి రోడ్డు, మధ్యాహ్నం దాటేసరికి మనిషి ఇంట్లో. ఆ డ్యూటీ కోసం డ్రైవర్లు నాకు శుభలేఖలే కాదు, మామిడిపండ్లు కూడా ఇచ్చేవారు. ఆ రోజు ఇంటికి వెళ్లి నా భార్యతో, ఇవాళ ఒక మంచి పని చేశాను అని చెప్పాను. ఏం చేశారని ఆమె అడగలేదు. అన్నం పెట్టింది.

రెండు వారాలు తిరగకముందే ఒక మధ్యాహ్నం డ్రైవరు భార్య డిపోకు వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టుంది. నా టేబులు ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆ డ్యూటీ మాకొద్దు సార్."

మంచి డ్యూటీ కావాలని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వద్దని వాపసు ఇవ్వడానికి వచ్చిన మనిషిని అప్పుడే చూడటం. అది అందరూ అడిగే రూటమ్మా అన్నాను.

"అందురూ అడుగుతారు సార్. అందురికీ మా పాప లేదు గదా. ఆయన చీకట్లో లేస్తాడు, పాప గూడా లేస్తాది. మళ్ల పండుకోదు. బడికి పొయ్యే లోపల అలిసిపోయి ఏడుస్తాది. పాపకు కష్టమయ్యేదే పొద్దున సార్. లేసినప్పట్నుంచి బడి గేటు దాకా. ఆ పొద్దు ఆయన ఇంటికాడ ఉండాల. మళ్ల దీపాలు పెట్టే పొద్దుకు రావాల. నడిమధ్యలో మీరు ఎండలో తిప్పినా, వానలో తిప్పినా మాకు పర్వాలేదు."

అలాంటి డ్యూటీ ఉందో లేదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఒకటుంది. బడి గంట కొట్టాక బయల్దేరి బద్వేలు వైపు పల్లెలన్నీ తిరిగి, మళ్లీ తిరిగి, చీకటి పడేసరికి డిపో చేరే బస్సు. బండి పాతది. రోడ్డు అంతకంటే పాతది. కాలేజీ పిల్లలు, మేకలు, ఉల్లిగడ్డ మూటలు. రోజు మొత్తం అందులోనే పోయేది, ఓవర్‌టైము డబ్బులు వచ్చేవి కాదు. ఆ డ్యూటీ ఎవరికి పడినా ఆ వారం నాకు నమస్కారం పెట్టేవాళ్లు కాదు. అదే రాశాను. నా చార్టులో ఒక గడి ఇక ప్రతివారం చెరిపి రాయక్కర్లేకుండా పోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది నాకు విడతలు విడతలుగా తెలిసింది. తల్లి జాకెట్ల ముక్కలతో ఒక పొడుగాటి గుడ్డపట్టీ కుట్టి గోడకు తగిలించింది. ఒక్కో పనికి ఒక్కో రంగు ముక్క, దానిమీద దారంతో బొమ్మ. బకెట్టు, కంచం, జడ, సంచి, చెప్పులు. పని అయిపోగానే పాప ఆ ముక్కను తిప్పి వెనక్కి మడవాలి. మొదటిరోజు పాప అన్నిటినీ ఒకేసారి మడిచేసి, అన్నీ అయిపోయినాయమ్మా అని ఆటకు వెళ్లిపోయింది. తల్లికి ఏం చేయాలో తోచలేదు. అదే పిల్ల తెలివి అని మా కండక్టరు మెచ్చుకుంది. మళ్లీ కర్నూలు వెళ్లి అడిగితే డాక్టరమ్మ ముక్కలు తగ్గించమంది. మూడే ఉంచండి, అవి అలవాటయ్యాక నాలుగోది కలపండి అంది.

మూడుతో మొదలుపెట్టారు. తండ్రి పక్కనే నిలబడేవాడు. ఆ మనిషికి మాటలు తక్కువ కావడం ఇక్కడ పనికొచ్చింది. 'స్నానం' అనేవాడు, అంతే. అయ్యాక 'బాగుంది' అనేవాడు, అంతే. తల్లి అయితే స్నానంతో మొదలుపెట్టి నిన్నటి స్నానం, మొన్నటి సబ్బు, మేనత్త పెంకితనం దాకా వెళ్లేది. ఆమె కూడా నెమ్మదిగా తగ్గించుకుంది. సాయంత్రం హోంవర్కు వసారాలో చల్లటి బండ మీద, రోజూ అదే బండ. నాలుగు లైన్లు రాయడం, గేటు దాకా పరుగెత్తి రావడం, మళ్లీ నాలుగు లైన్లు. పరుగెత్తొద్దని ఎవరూ అనలేదు. చీకటి పడగానే తండ్రి వచ్చేవాడు. అప్పుడు తిండి, తర్వాత పడక. బడిలో టీచరుకు కూడా చెప్పారు. తలుపు బయటి నుంచి లోపలి బెంచీకి పాపను మార్చారు. నోటుపుస్తకాలు పంచిపెట్టే పని అప్పజెప్పారు, లేచి తిరగడానికి ఒక కారణం ఉండాలని. టీసీ మాట కొంతకాలం వాయిదా పడింది.

పిల్ల మారిపోయిందని నేను చెప్పను. చెప్పులు ఇంకా పోయేవి. ఏడుపులు ఉండేవి. మారింది ఏమిటంటే, ఆ ఇంట్లో కొట్టడం ఆగింది. పొద్దునపూట అరుపులు వినిపించట్లేదని పక్కింటివాళ్లు వచ్చి, ఊరికి పోయినారేమో అనుకుంటిమి అన్నారట. డ్రైవరు రోజూ గడ్డం గీసుకుని డ్యూటీకి రావడం నేను గమనించాను.

ఇంత సవ్యంగా జరుగుతున్న విషయం డిపోలో ఎక్కువకాలం సాగదు. రోజూ ఒకే వేళకు ఇంటికి పోయే డ్రైవరు ఒకడున్నాడన్న సంగతి క్యాంటీన్‌లో తేలింది. రూటు ఎంత దరిద్రంగా ఉన్నా, 'ఫిక్స్‌డ్' అన్న మాటలో ఒక తీపి ఉంది. నేనేదో తిన్నానని కొందరన్నారు. అతను మేనేజరుకు చుట్టమని కొందరన్నారు. డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన ఒకరుండేవారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, మీసం, భుజాన తువ్వాలు. ఆయన నోరు విప్పితే గ్యారేజీలో పాన కింద పెట్టి వినేవారు. ఆయన కొత్త మేనేజరు దగ్గరికి పోయి, అయితే అందరికీ రొటేషన్, లేదంటే అందరికీ ఫిక్స్‌డ్ అన్నాడు.

కొత్త మేనేజరు కుర్రవాడు, రూలు తెలిసినవాడు. నన్ను పిలిచి సోమవారం నుంచి మినహాయింపులు ఉండవన్నాడు. కారణం ఉంది సార్ అన్నాను. అయితే ఆ కారణం డ్రైవరే అందరి ముందూ చెప్పాలి, లేకపోతే ఆ డ్యూటీని నేను నిలబెట్టలేను అన్నాడు. అన్యాయమైన మాటేమీ కాదు.

డ్రైవరుకు చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"చెప్తే పిల్లకు పిచ్చి అంటారు సార్. ఆ మాట ఒకసారి వస్తే పోదు. రేపు బడిలో పిల్లోళ్లు గూడా అంటారు."

చెప్పకపోతే సోమవారం నుంచి నైట్‌హాల్టు అన్నాను. మెడికల్ లీవు పెట్టేస్తానన్నాడు. ఎన్నాళ్లు పెడతావని అడిగాను. ఆ శనివారం పొద్దున గేటు మీటింగు అని మేనేజరు బోర్డు మీద రాయించాడు.

ఆ రోజు డ్రైవర్లు, కండక్టర్లు, గ్యారేజీ వాళ్లు గేటు లోపల వేపచెట్టు నీడలో గుమిగూడారు. మేనేజరు సంగతి చెప్పి పక్కకు తప్పుకున్నాడు. పెద్దాయన ముందుకొచ్చాడు.

"ఏమప్పా, నీకొక్కనికే పెండ్లాం బిడ్డలుండారా? మేమంతా సన్నాసులమా?"

కొందరు నవ్వారు. డ్రైవరు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. నేను అతని ముఖం చూడలేక బోర్డు వైపు చూశాను. అతను చెప్పడనే అనుకున్నాను.

"మా పాపకు ఏడీహెచ్‌డీ అని ఉండాదన్నా," అన్నాడు. "పిచ్చి గాదు. మెదడు పనిచేసే తీరు వేరే. ఒకదాని మింద నిలబడలేదు. రోజూ ఒకే వరుస ఉంటే నిలబడతాది. నేను యాడుండేదీ, ఎప్పుడొచ్చేదీ తెలిస్తే నెమ్మదిగా ఉంటాది. తెలీకపోతే గేటు కాడ నిలబడి ఉంటాది. అంతే అన్నా. మీకు ఆ రూటు కావాలంటే తీసుకోండి. నాకు ఆ టైము ఇయ్యండి."

అంత పొడుగు మాట అతను అంతకుముందు మాట్లాడలేదు, ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. బయట ఒక బస్సు హారను కొడుతోంది, గేటు తీసేవాడు కూడా ఇక్కడే నిలబడి ఉన్నాడు. గ్యారేజీ మెకానిక్ ఒకతను, మా అక్క కొడుకు కూడా అచ్చం ఇట్లే భాయ్, ఆ డాక్టరమ్మ ఏ వారాల్లో ఉంటాది అని అడిగాడు. వెనక నుంచి ఇంకొకరు కూడా అదే అడిగారు. గేటు మీటింగు కాసేపు ఆసుపత్రి ఓపీ లాగా తయారైంది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"పండగ స్పెషళ్లకు వస్తావా?"

"వస్తానన్నా."

"శివరాత్రికి?"

శివరాత్రి స్పెషలంటే రాత్రింబవళ్లు నడపాలి, ఇంటి మొహం చూడటం ఉండదు.

"వస్తా."

"అయితే నాకేం లేదు," అని పెద్దాయన వెనక్కి తిరిగాడు. ఆయనకేం లేకపోతే ఇంకెవరికీ ఏమీ లేదు. మేనేజరు ఫైలు మీద 'ప్రయోగాత్మకంగా' అని రాశాడు. ఆ ప్రయోగం నేను రిటైరయ్యేదాకా నడిచింది. ఫలితం ఏమైందని ఏ ఆఫీసు నుంచీ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దాయన నా గదిలోకి వచ్చాడు. గోడ మీది చార్టు చూస్తూ నిలబడ్డాడు. తన డ్యూటీ చూసుకుంటున్నాడనుకున్నాను. ఆయన కన్ను ఏ గడి మీదా లేదు.

"మా పెద్దోడు గూడా ఇట్లే ఉండె," అన్నాడు.

నేను పెన్ను పక్కన పెట్టాను.

"నేను ఇంటికి యెప్పుడు పొయ్యేదీ వానికి తెలీదు. పొయినప్పుడల్లా యెవురో ఒకరు వాని మింద చాడీలు చెప్తారు. నేను బెల్టు తీస్తాంటి. రానురాను నా గొంతు వినిపిస్తే గోడ దూకి పొయ్యేటోడు. బడి మానినాడు. ఇప్పుడు కల్లూరు కాడ బండలకు పాలిషు పట్టే షెడ్డులో ఉండాడు. పెండ్లయింది. ఫోను ఎత్తడు."

మనకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు కదా అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

"పెద్దయినాక గూడా పనికొస్తాదా ఈ వరుస?"

నాకు తెలియదన్నాను. తెలియని విషయాన్ని తెలియదని చెప్పడం మా సెక్షన్లో అలవాటు లేని పని. ఆయన తల ఊపి, తువ్వాలు దులుపుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

శివరాత్రి వచ్చింది. డ్రైవరు మాట ప్రకారం స్పెషళ్లకు వెళ్లాడు. నాన్న రెండు రాత్రులు రాడని పాపకు ముందునుంచే చెప్పి ఉంచారు. చెప్పినంత మాత్రాన బాగా జరిగిందని అనుకోవద్దు. మొదటి రాత్రి గేటు దగ్గర ఏడ్చింది. పొద్దున గుడ్డపట్టీని పీకి కింద పడేసింది. తల్లి కూడా ఏడ్చిందట. తర్వాతి రోజు పట్టీని మళ్లీ తగిలించింది పాపే, మేకు అందక స్టూలు వేసుకుని, తలకిందులుగా. తలకిందులుగానే ఆ రోజు పనులన్నీ అయ్యాయి. తండ్రి తిరిగొచ్చాక సర్దుకోవడానికి పెద్దగా రోజులు పట్టలేదు. రోజువారీ వరుస గురించి నాకు తెలిసింది ఇంతే. అది తెగకుండా ఎవరూ కాపాడలేరు. కానీ ఉన్న వరుస తెగితే పట్టుకోవడానికి కొస ఒకటి దొరుకుతుంది. లేనివాళ్లు ప్రతిరోజూ దారం కోసం వెతుక్కోవాలి.

ఆ పాప ఇప్పుడు హైస్కూలు. తర్వాత్తర్వాత డాక్టరమ్మ మందు కూడా మొదలుపెట్టిందని విన్నాను. మార్కులు ఒక పరీక్షలో ఆకాశంలో, ఇంకో పరీక్షలో పాతాళంలో ఉంటాయట. పరుగుపందేల్లో జిల్లా దాకా పోయింది. అందులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. తండ్రి అదే రూటులో ఉన్నాడు. ఆ పల్లెల్లో అతని బస్సును చూసి గడియారం సరిచేసుకుంటారని చెబుతారు. నేను నమ్మను, ఆ రోడ్డు నాకు తెలుసు.

పెద్దాయన నాకంటే ముందే రిటైరయ్యాడు. నేనూ రిటైరయి కడపలో స్థిరపడ్డాక సాయంత్రాలు ఒక టీ అంగడి దగ్గర కలుస్తున్నాం. మేం మాట్లాడుకునేది ఎక్కువగా పాత బస్సుల గురించి. ఒక సాయంత్రం ఆయన ఏదో ఘాటురోడ్డు కథ చెబుతూ, బస్సు మలుపులో ఉండగా, టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి రోడ్డు అవతలికి పోయాడు. అక్కడ నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి వచ్చి మలుపు దగ్గరి నుంచి కథ అందుకున్నాడు. మర్నాడు కూడా అదే వేళకు లేచాడు. ఆ మర్నాడూ అంతే. చివరికి అడిగాను.

"మావోనికి," అన్నాడు.

ఎత్తుతున్నాడా అన్నాను.

"మొదట్లో ఎత్తలేదు. శానా దినాలు ఎత్తలేదు. నేను మాత్రం రోజూ అదే టైముకు చేస్తాంటి. తర్వాత ఎత్తినాడు. తిన్న్యావా అంటా. తిన్న్యా అంటాడు. పెట్టేస్తాడు. అంతకు మించి మాకు మాటలు రావు."

రోజూ అదేనా అన్నాను.

"రోజూ అదే. మొన్న నాకు జరమొచ్చి పండుకుంటి. ఫోను యాడుండాదో గూడా తెలీదు. వాడే చేసినాడు."

ఏమన్నాడని అడిగాను. పెద్దాయన చల్లారిపోయిన టీ గ్లాసును చేతిలోకి తీసుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నాడు.

"ఏమంటాడు. ఈపొద్దు ఫోను రాలేదే అన్నాడు."